ఉండమని అనని ఇల్లు

సిద్దిపేట మా అమ్మ పుట్టిన ఊరు కాదు. నేను పుట్టిన ఊరూ కాదు. మా చిన్నమ్మను ఇచ్చిన ఊరు, అంతే. అక్కడ నేను ఉన్నది సంక్రాంతి దాటాక మొదలై ఉగాది దాకా. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఎన్నో ఊళ్ళు చూశాను, ఎన్నో ఇళ్ళు మారాను. ఏ ఊరి మీదా మమకారం పెట్టుకునే మనిషిని కాను. కానీ పొద్దున్నే ఎక్కడైనా గంజి వాసన తగిలితే మాత్రం చేస్తున్న పని ఆపి కూర్చుంటాను. మా ఇంట్లో వాళ్ళకు ఇది తెలుసు. "అమ్మ సిద్దిపేట పోయింది, కాసేపు పలకరించకండి" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

అవి యుద్ధం రోజులు. ఎక్కడో దూరదేశాల్లో జరిగే యుద్ధం పట్నంలో మా కిరోసిన్ సీసాలోకీ బియ్యం డబ్బాలోకీ వచ్చి కూర్చుంది. అమ్మ పోయి ఏడాది దాటింది. బాపు ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాడు. పొద్దున వండిపెట్టి, నన్ను లోపల ఉంచి, బయట గొళ్ళెం పెట్టి, పక్కింటావిడకు ఒక మాట చెప్పి పోయేవాడు. పన్నెండేళ్ళ ఆడపిల్లను ఒంటరిగా వదలాలంటే భయం. ఇంట్లోకి ఇంకో మనిషిని తెచ్చుకోవడానికి, అంటే మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి, మనసు రాలేదు. ఆ కిరాయి గదిలో నేను కిటికీ ఊచలు పట్టుకుని, వీధిలో పోయే టాంగాలు చూస్తూ పొద్దు పుచ్చేదాన్ని. మాట్లాడే మనిషి లేక నాతో నేనే పోట్లాడుకునేదాన్ని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. అది ఆ గదిలోనే మొదలైందని నా అనుమానం.

ఒకనాడు బాపు సెలవు పెట్టి, నా బట్టలు మూటగట్టి, నన్ను సిద్దిపేట బస్సు ఎక్కించాడు. ఆ రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టి నడిపేవాళ్ళు. కాస్త ఎత్తు వస్తే చాలు, బస్సు దగ్గి దగ్గి ఆగిపోయేది. అందరం దిగి దాని పక్కన నడవాల్సిందే. అట్లా నడుస్తున్నప్పుడే బాపు నాతో ఆ మాట చెప్పాడు.

"బిడ్డా, మీ చిన్నమ్మకు పిల్లలు లేరు. నిన్ను చూస్తే ఇడువదనే నాకనిపిస్తుంది. ఆమె ఉండమంటే నువ్వు ఆడనే ఉండు. గా అర్రల ఒక్కదానివి ఎన్నొద్దులని ఉంటవు? కని నేనైతే అడగ. నా బిడ్డను సాకలేక తెచ్చి ఇడిచిపెట్టిన అనుకుంటే నేను తలెత్తలేను. వాళ్ళ నోటెంబడి రావాలె ఆ మాట."

"రాకపోతే?"

"రాకపోతే ఉగాదికి వచ్చి తోల్కపోత."

బాపు అట్లాంటి మనిషి. పక్కింట్లో చెంబెడు నీళ్ళు అడగాలన్నా గొంతు సవరించుకుని, గుమ్మం దాకా పోయి, అడగకుండానే తిరిగొచ్చేవాడు. ఆయన మొహమాటం నాకు బాగా తెలుసు కాబట్టి, ఆయన అడగడనీ తెలుసు. ఇక మిగిలింది చిన్నమ్మే. ఆమె 'ఉండు' అంటే నాకు గొళ్ళెం పెట్టిన గది తప్పుతుంది. ఆ రోడ్డు మీదే నేను ఆ ఒక్క మాటను మనసులో పెట్టుకున్నాను.

కొండపాక దగ్గర బస్సు ఇక కదలనంది. అక్కడే ఒక అరుగు మీద పడుకుని, కోడి కూయకముందే ఎడ్లబండి మాట్లాడుకుని బయలుదేరాం. సిద్దిపేట చేరేసరికి పొద్దెక్కింది. అంత నిశ్శబ్దమైన ఊరిని నేను అంతకుముందు చూడలేదు. దుకాణాలున్నాయి, కచేరీ ఉంది, మనుషులున్నారు, కానీ ఎవరికీ ఏ తొందరా ఉన్నట్టు లేదు. మెల్లగా మగ్గాల చప్పుడు మొదలైంది. ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో వినబడుతోంది. నేతవాళ్ళ వీధి మలుపు తిరగగానే బండివాడు ఎద్దుల్ని ఆపి, ఇక దిగి నడవమన్నాడు.

ఎదురుగా వీధి పొడుగునా పడుగు చాచి ఉంది. మగ్గం మీదికి ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ అట్లా వీధిలో చాచి, కర్రల మీద నిలిపి, గంజి పట్టిస్తారు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. మొదలుపెట్టాక కుంచె ఆగిందా, పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పడుగు చాచినంతసేపు ఆ వీధిలో బండ్లు నడవవు, మనుషులు పక్క గల్లీ చుట్టి పోతారు. ఎంత పెద్దమనిషి వచ్చినా అంతే. మా బాపుకు ఇవేవీ తెలియవు. పట్నం మనిషి కదా, ధోవతి ఎత్తిపట్టి పోగుల మీంచి దాటబోయాడు.

"అయ్యయ్యో, దాటొద్దు, దాటొద్దు!" అని అన్ని వైపుల నుంచీ గొంతులు లేచాయి. అందులో ఒక గొంతు మా అమ్మది.

బాపు ఎత్తిన కాలు అట్లాగే ఆగిపోయింది. అక్కాచెల్లెళ్ళకు ముఖాలు కలవడం చూశాను గానీ, గొంతు అంత అచ్చంగా కలవడం అప్పుడే విన్నాను. అమ్మ పోయినప్పుడు చిన్నమ్మ వచ్చింది, కానీ అప్పుడు ఆమె ఏడుపే విన్నాను, మాట వినలేదు. బాపు పక్కకు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమట అనుకోవడానికి అది ఎండాకాలం కూడా కాదు.

చిన్నమ్మ పడుగు పక్కన గంజి కుంచె పట్టుకుని నిలబడి ఉంది. అటువైపు చిన్నబాపు, ఆమె భర్త, ఇంకో కుంచెతో నడుస్తున్నాడు. "బావా, వచ్చినవా! గా అరుగు మీద కూసో. అలిసిపోయినట్టున్నవ్, నీళ్ళు తెప్పిస్త" అంది. తర్వాత నన్ను చూసింది. వచ్చి దగ్గరికి తీసుకుంటుందని, తీసుకుంటే ఏడుద్దామని నేను ముఖం సిద్ధం చేసుకుని నిలబడ్డాను.

"బిడ్డా, గీడ ఒక పోగు తెగింది చూడు. అందుకొని ముడెయ్యి. జల్ది, గంజి ఆరిపోతుంది" అంది.

బాపుకు అరుగు, చెంబుతో నీళ్ళు. నాకు తెగిన పోగు. నేను వేసిన ముడి నిలవలేదు. చిన్నమ్మ నవ్వి, "పట్నంల గిదేనా నేర్పింది?" అంటూ నా వేళ్ళు పట్టుకుని మళ్ళీ వేయించింది. ఆ పడుగు అయ్యేదాకా నేను ఆమె పక్కనే వంగి నడిచాను. ఒంటి నిండా గంజి అంటుకుంది. ఎవరూ నాకు నీళ్ళు ఇవ్వలేదు, నేనే లోపలికి పోయి కుండలో ముంచుకుని తాగాను.

బాపు రెండు రోజులు ఉన్నాడు. ఆయనకు చిన్నమ్మ కోడిగుడ్లు వండింది, సన్నబియ్యం ఎక్కడినుంచో సంపాదించి అన్నం పెట్టింది. బయలుదేరుతుంటే ఇంటిల్లిపాదీ గుమ్మంలో అడ్డం నిలబడ్డారు. "ఇంకో రెండొద్దులు ఉండు బావా. నువ్వు లేకుంటే పట్నం మునుగుతదా? ఇయ్యాల పోనియ్య" అని చిన్నమ్మ ఆయన చేతిలోని సంచీ లాక్కున్నంత పని చేసింది. ఆయన నవ్వుతూ, ఇబ్బంది పడుతూ, దండం పెట్టి బయటపడ్డాడు. పోతూ పోతూ నా వైపు ఒక చూపు చూశాడు. నాకు అర్థమైంది. చెవులు రిక్కించి ఉండమని ఆ చూపు.

ఆ తర్వాత రోజుల గురించి రాయాలంటే నాకు చేయి ఆగదు. చిన్నబాపు నేలలో గుంట తవ్వి వేసిన మగ్గం మీద, కాళ్ళు గుంటలో పెట్టుకుని నేసేవాడు. చీర అంచు మీద తల మీద కుండ పెట్టుకుని నడిచే గొల్లభామ బొమ్మ వచ్చినప్పుడు అటూ ఇటూ పరిగెత్తే నాడెను ఆపేసి, రంగు పోగులు చేత్తో ఒక్కొక్కటే ఎక్కించేవాడు. గొల్లభామకు కాళ్ళు రావడం, నడుము రావడం, కుండ రావడం చూస్తూ నేను కూర్చునేదాన్ని. "దొరసానీ, మీ పట్నంల గిసోంటి బొమ్మ నడుస్తదా?" అని వేళాకోళం చేసేవాడు. పట్నంలో కరెంటు బుగ్గలుంటాయని నేను గొప్పలు పోతే, "బుగ్గ ఉంటే ఏంది, చీర నేస్తదా?" అనేవాడు. నన్ను ఆ ఇంట్లో పేరుపెట్టి పిలిచింది తక్కువ. దొరసానీ అనో, బిడ్డా అనో.

మధ్యాహ్నం ఆ వీధి మొత్తం సద్దుమణిగేది. ఎండ అరుగుల మీదికి వచ్చి కూర్చునేది. చిన్నమ్మా నేనూ లోపల గోడకు ఆనుకుని కూర్చుని, రాట్నం తిప్పుతూ నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేవాళ్ళం. ఆమె ఏదో ఒకటి చెప్తూ ఉండేది. పక్కింటి మేక పోగులు నమిలిన సంగతి, ఎవరి పెళ్ళిలోనో పప్పు మాడిన సంగతి. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. కళ్ళు తెరిస్తే చిన్నమ్మ, మూసుకుంటే అమ్మ.

"ఏందే, నిద్రపోతున్నవా?" అనేది.

"లేదు. ఇంటున్న. నువ్వు చెప్పు."

ఒకరోజు ఆమె రాట్నం ఆపి నా ముఖంలోకి చూసింది. నేను ఎందుకు కళ్ళు మూసుకుంటున్నానో ఆమెకు తెలిసిపోయింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ రాట్నం తిప్పుతూ, అయిపోయిన కథనే ఇంకోసారి, ఇంకా పొడుగ్గా చెప్పింది. ఆ పూట ఆమె ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. ఆ గొంతు కోసం నేను ఏమైనా చేసేదాన్ని. ఇప్పుడు కూడా ఆ మధ్యాహ్నం ఒక్కటి తిరిగి ఇస్తామంటే నా బంగారం మొత్తం తీసి ఇచ్చేస్తాను.

కానీ 'ఉండు' అన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు.

పైగా నన్ను తిట్టేది. రొట్టె మాడిస్తే తిట్టేది, కండె చిక్కుపడితే తిట్టేది. తలకు నూనె పెట్టి, చిక్కు తీస్తూ జుట్టు ఊడొచ్చేటట్టు లాగేది. నాకోసం ప్రత్యేకంగా ఏదీ వండేది కాదు. వాళ్ళు జొన్నరవ్వ గటక తాగితే నాకూ గటక, వాళ్ళకు జొన్నరొట్టె పచ్చిపులుసు అయితే నాకూ అదే. నేను లోలోపల లెక్కలు వేసుకునేదాన్ని. ఇష్టం ఉంటే ఇట్లా పనులు చెప్తుందా? నేను బరువైతేనే కదా?

అప్పుడు కొమురవెల్లి మల్లన్న జాతర రోజులు. దారిలో ఉన్న ఊరు కావడంతో చుట్టాలు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. నంగునూరు నుంచి చిన్నబాపు అక్క వచ్చింది, నుదుటి నిండా పసుపు బండారితో. ఆమె అదే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆమెకు మంచం వాల్చి, దుప్పటి పరిచి, కాళ్ళకు నీళ్ళిచ్చారు. సంక్రాంతికి చేసి దాచిన సకినాలు కుండ అడుగు నుంచి తీసి పెట్టారు. పోతానని లేస్తే చిన్నమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఉండు వదినె. ఇయ్యాల్టికి ఉండు. నువ్వు పోతే ఇల్లు చిన్నబోతది."

ఆ మాట నాకు చెప్పి ఉంటే నేను ఎగిరి గంతేసేదాన్ని. ఆమె మాత్రం ఎందుకో కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఉండలేను, ఇంటికాడ పసులున్నయి" అని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఉండమని బతిమాలితే ఉండదీమె. ఉండాలని ప్రాణం పెట్టుకున్నదాన్ని నన్ను అడగరు. ఆఖరికి గాజులమ్మే ఆమె గంప ఎత్తుకోబోతే కూడా "జరసేపు ఉండమ్మా, ఏం తొందర" అంటారు. ఆ వీధిలో ఆ మాట నోచుకోనిది నేనొక్కదాన్నే.

ఇక ఉపాయాలు మొదలుపెట్టాను. ఉత్తపుణ్యానికి బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టేదాన్ని. "ఉగాది దగ్గర పడ్డది, బాపు వస్తుండు గావచ్చు" అని ఆమెకు వినబడేటట్టు అనేదాన్ని. చిన్నమ్మ తల ఎత్తి చూసి, మళ్ళీ పనిలో పడేది. ఒకరోజు ఇక పట్టలేక, "నాకీడ ఏం మంచిగ లేదు. అంతా చీకటి. మా ఇల్లు పట్నంల ఉన్నది, నేను పోత" అన్నాను. బుజ్జగిస్తుందని అన్నాను. చిన్నమ్మ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది.

"పోతవా?" అంది.

"మరి పోనా?"

"గట్లనా" అని, లేచి పెరట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు. వచ్చాక ఎప్పటిలాగే, చింతపండు నానబెట్టమని నాకు పని చెప్పింది.

ఉగాది పచ్చడి తిన్న మర్నాడు బాపు వచ్చాడు. నన్ను పెరట్లోకి పిలిచి, మెల్లగా, "అన్నదా?" అని అడిగాడు. నేను లేదని తలూపాను. ఆయన నా తల మీద చేయి వేసి అట్లాగే నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఆయన తన మొహమాటంతో చేయగలిగిందంతా చేశాడు. "రేపు పొద్దుగాల పోతం, ఇద్దరం" అన్నాడు. కాసేపాగి మళ్ళీ, "ఇద్దరం పోతం మరి" అన్నాడు. అంతకంటే గట్టిగా అడగడం ఆయన వల్ల కాదు.

"నువ్వు ఇంకో రెండొద్దులు ఉండు బావా" అంది చిన్నమ్మ.

నువ్వు. మీరిద్దరూ అనలేదు. ఆమె ఆ మాట అంటూ నా వైపే చూస్తోంది. నేను పంతంగా నేల చూపులు చూశాను. చిన్నబాపు దగ్గి, లేచి బయటికి వెళ్ళాడు.

పొద్దున నేను నా బట్టలన్నీ ముందు వేసుకుని, కావాలనే ఆలస్యంగా మూట కట్టాను. చిన్నమ్మ పొయ్యి దగ్గర నుంచి చూస్తోంది.

"అన్ని బట్టలు కడుతున్నవా బిడ్డా?" అంది.

"నా బట్టలే గద" అన్నాను.

ఆమె పొయ్యి వైపు తిరిగింది. గుమ్మం దగ్గర నా తల నిమిరి, "పైలం బిడ్డా" అంది. చిన్నబాపు బస్సు దాకా వచ్చాడు, ఆమె రాలేదు. బస్సు కదిలాక నేను బాపు ఒళ్ళో ముఖం పెట్టుకుని ఏడ్చాను. "వాళ్ళ తిప్పలు వాళ్ళకుంటయి బిడ్డా, ఏమనుకోకు" అన్నాడాయన. పట్నం వచ్చాక మళ్ళీ ఆ గది, ఆ గొళ్ళెం, ఆ కిటికీ ఊచలు. కళ్ళు మూసుకుంటే అమ్మ గొంతు రాలేదు, పక్కింట్లో గిన్నెల చప్పుడు వచ్చింది. నేను చిన్నమ్మను తిట్టుకున్నాను. ఆమె నన్ను వద్దనుకుందని గట్టిగా నమ్మాను. ఆ వైపు నుంచి ఎవరైనా వచ్చి చిన్నమ్మ అడిగిందని చెబితే, ముఖం తిప్పుకుని లోపలికి పోయేదాన్ని. పిలిపిస్తే పోలేదు.

కొన్నేళ్ళకు నాకు సంబంధం కుదిరింది. పెళ్ళి దగ్గరికొచ్చిన రోజుల్లో చిన్నబాపు నూలు కోసం పట్నం వచ్చి మా ఇంట్లో దిగాడు. నూలు కరువుతో మనిషి సగమయ్యాడు. నేను ఆయనకు అన్నం వడ్డిస్తున్నాను. మనసులో అన్నేళ్ళుగా ఉన్నది నోట్లోంచి దూకింది.

"ఒకటడుగుత చిన్నబాపూ. మీ ఇంటికి ఎవరొచ్చినా ఉండు ఉండు అంటరు గద. నన్నొక్కదాన్ని ఎందుకనలే?"

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. నన్ను వింతగా చూశాడు.

"నిన్నా? నిన్నెట్లంటరే? ఉండుమని చుట్టాలనంటరు. వాళ్ళకు పోను ఇల్లున్నది కాబట్టి అంటరు. ఇంట్ల పిల్లను ఉండుమంటే, ఇది నీ ఇల్లు గాదన్నట్టే గద. మా దిక్కు చస్తే అనరు గా మాట. నువ్వు మా పిల్లవే అనుకున్నం మేము."

నేను అన్నం గిన్నె కింద పెట్టాను.

"నువ్వేమో మా ఇల్లు పట్నంల ఉన్నదంటివి" అన్నాడు ఆయన. "గా మాటకు మీ చిన్నమ్మ పెరట్ల కూసోని ఏడ్చింది. మీ బాపు వచ్చి ఇద్దరం పోతమనె. కన్నతండ్రి తోల్కపోతుంటే మేమేమని అడ్డం పడుతం? అయినా మీ చిన్నమ్మ నువ్వు బస్సెక్కవనే అనుకున్నది. మలుపు కాడికెళ్ళి వాపసు వస్తవని ఆ పొద్దు నీకు గూడ అన్నం వండింది. నువ్వు రాకపోతే ఇద్దరం దినలే."

గోడ పక్కన కూర్చున్న బాపు కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఒక్క మాట. నేనన్న అడుగకపోతి" అన్నాడు. అడగడం తలవంపులని ఒకరు, అనడం పరాయితనమని ఒకరు. ఇద్దరూ నన్ను ప్రేమించినవాళ్ళే. మధ్యలో నేను, నోరున్నదాన్ని, నోరు తెరిచి 'నేనిక్కడే ఉంటా' అని చెప్పలేదు. ఆ ఇంటి పిల్లకు ఆ మాట చెప్పే హక్కుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ క్షణాన లేచి సిద్దిపేట పోవాలనిపించింది. పోనిచ్చేదెవరు? పెళ్ళయింది. అత్తగారిల్లు, ఆ ఇంటి పనులు. అప్పుడే ఊళ్ళు కల్లోలంగా మారాయి, ఆడపిల్లలు ప్రయాణాలు చేసే రోజులు కావవి. చిన్నమ్మకు కబురు పంపితే, ఎప్పుడైనా రమ్మని తిరుగు కబురు వచ్చింది. పోలీసు చర్య జరిగి, నైజాం రాజ్యం పోయి, బస్సులు సరిగ్గా తిరగడం మొదలయ్యాక గానీ నాకు వీలు చిక్కలేదు. నా భర్త బస్సు ఎక్కించి, మూడోనాటికి వాపసు రమ్మన్నాడు.

దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. పోగానే పనిలో దూరాలి. ఎవరూ చెప్పకముందే రాట్నం ముందు కూర్చోవాలి. ఏదైనా తప్పు చేసి చిన్నమ్మతో గట్టిగా తిట్లు తినాలి. ఆ ఇంటి పిల్లనేనని ఆమెకు తెలియాలంటే మాటలు అక్కర్లేదని నాకిప్పుడు తెలుసు.

ఊరు మారలేదు. అదే నెమ్మది, ఎక్కడో ఒక మగ్గం ఆగితే ఇంకోటి వినబడడం. చిన్నమ్మ జుట్టు నెరిసింది. నన్ను గుమ్మంలో చూసి, గబగబా లోపలికి పోయి, చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. "ఎండల వస్తివి బిడ్డా, కాళ్ళు కడుక్కో" అంది. మంచం వాల్చింది. దాని మీద ఉతికిన దుప్పటి పరిచింది. నేను కూర్చోకుండా రాట్నం దగ్గరికి పోతే, నా చేతిలోంచి కండె తీసుకుంది.

"నీకెందుకు బిడ్డా, చీరె ఖరాబైతది. కూసో."

"నేను చుడుత చిన్నమ్మా, నాకొస్తది."

"వస్తది, నాకెర్కలేదా? ఎన్నడో ఒకనాడు వస్తివి, పని చేస్తవా?"

కోడిగుడ్లు వండింది. సన్నబియ్యం వండింది. నాకు గటకే కావాలన్నాను. "మీ అత్తగారోళ్ళు వింటే ఏమంటరు, పోరికి గటక పోసిన్రంటరు" అని నవ్వింది. నేను కావాలని గిన్నె కింద పడేశాను. అన్నం నేలపాలైంది. "పోనియ్ బిడ్డా, ఏం గాదు" అని తానే ఎత్తింది. ఒక్క తిట్టు తిట్టలేదు. చిన్నబాపు దొరసానీ అని పిలవలేదు. అత్తగారింట్లో అందరూ బాగున్నారా అని రెండుసార్లు అడిగాడు. మధ్యాహ్నం ఆమె మాట్లాడుతుంటే కళ్ళు మూసుకున్నాను. అదే గొంతు, కొంచెం బొంగురుపోయింది. అలిసిపోయానేమో అనుకుని ఆమె మాట ఆపేసి, మెల్లగా లేచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

మూడోనాడు పొద్దున బయలుదేరాను. గుమ్మం దాటబోతుంటే చిన్నమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. మా అమ్మ గొంతుతో అంది:

"ఇంకో రెండొద్దులు ఉండు బిడ్డా."

నేను కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. చుట్టాలు ఏమంటారో అదే అన్నాను.

"ఉండలేను చిన్నమ్మా. ఇంటికాడ పనులున్నయి."